పదిహేడో నంబరు రాయి

డెత్ వ్యాలీకి వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. నీళ్లు తీసుకెళ్లండి, టోపీ తీసుకెళ్లండి, కారులో పెట్రోలు నిండుగా పోయించుకోండి. ఇంటి దగ్గర్నుంచి రాయి మాత్రం తీసుకెళ్లకండి. నేను తీసుకెళ్లాను. అందుకే తిరిగొచ్చాక ఈ యాత్ర గురించి ఎవరడిగినా "బాగుంది, ఎండ ఎక్కువ" అని తప్పించుకుంటూ వచ్చాను. రాయడానికి కూర్చున్నాక తప్పించుకోవడం కుదరడం లేదు.

బయల్దేరే ముందు

అనంతపురంలో ఒక కాలేజీలో ముప్ఫై ఏళ్లుగా జియాలజీ చెబుతున్నాను. కొద్ది నెలల్లో రిటైర్మెంటు. మా ల్యాబులో అద్దాల మూత ఉన్న చెక్కపెట్టె ఒకటి ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విదేశం నుంచి ఓడలో మద్రాసుకు, అక్కణ్ణుంచి రైల్లో మాకు వచ్చింది. అందులో ఇరవై నాలుగు ఖనిజాలు. పదిహేడోది తెల్లగా, పిడికిలంత ఉంటుంది. దాని కింద టైపు కొట్టిన చీటీ: "కోల్‌మనైట్. డెత్ వ్యాలీ, కాలిఫోర్నియా." బోరాన్ ఉండే ఖనిజం, మన వైపు దొరకదు. దాన్ని చూపించేటప్పుడు నా గొంతు మారేదని పిల్లలు వెనకాల అనుకరించేవాళ్లట. మారేదేమో. డెత్ వ్యాలీని చూసి వచ్చినవాడిలాగే మాట్లాడేవాణ్ణి.

ఇక ఓబులేసు సంగతి. మా ల్యాబు అటెండరు. ఇరవై ఏళ్ల కింద నా దగ్గరే బీయస్సీ చదివాడు. వాళ్ల నాన్న తాడిపత్రి దగ్గర నాపరాళ్ల గనిలో కూలి. ప్రాక్టికల్ పరీక్షలో బల్ల మీద పది రాళ్లు పెడతాం, ముట్టుకోకుండా చూసి పేరు రాయాలి. ఆ పదింటిలో మా పెట్టెలోని పదిహేడో నంబరూ ఒకటి, దాని దగ్గర ఓబులేసు పేపరు మీద "జిప్సం" అని రాశాడు. అంతటితో వదిలేస్తే ఒక్క మార్కే పోయేది. నేను కళ్లెర్రజేసి అడిగితే "గోరు దిగింది సార్, కోల్‌మనైట్ అయితే గోరు దిగదని మీరే చెప్పినారు" అన్నాడు. ఫారిన్ రాయి మీద గోరు పెట్టావా అని నా ఒళ్లు మండిపోయింది. మొత్తం పరీక్షకే సున్నా వేశాను. ఆ సున్నాతో ప్రాక్టికల్ పోయింది, ప్రాక్టికల్‌తో డిగ్రీ పోయింది. మళ్లీ పరీక్షకు కట్టే స్తోమత వాళ్లింట్లో లేదు. మరుసటేడు మా డిపార్ట్‌మెంట్‌లోనే అటెండరు పోస్టు ఖాళీ అయితే, నేనే ప్రిన్సిపాలుతో చెప్పి వేయించాను. వాడికి ఎంత మేలు చేశానో అని నన్ను నేను మెచ్చుకున్న రోజులున్నాయి.

మా అక్క కొడుకు రఘు మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో కార్ల కంపెనీ ఇంజనీరు. ప్రతి వేసవిలో కొత్త కార్లను ఎండలో నడిపి చూడ్డానికి డెత్ వ్యాలీ పంపుతారు వాణ్ణి. "మామయ్యా, రిటైరయ్యే లోపు ఒకసారి రా, ఆ రాళ్లన్నీ నీకు చూపిస్తా" అని టికెట్టు పంపాడు. నాకొక ఆలోచన వచ్చింది. పదిహేడో నంబరు రాయిని తీసుకెళ్లి, దాని పుట్టింటి ముందు పట్టుకుని ఫొటో తీయించుకుంటే, నా వీడ్కోలు సభలో చూపించవచ్చు కదా.

రాయిని దూదిలో చుట్టి, చీటీతో సహా స్వీటు డబ్బాలో పెట్టింది ఓబులేసే. మూత పెడుతూ అన్నాడు. "ఆడ తెలిసినోళ్లు ఉంటారు కద సార్. ఒక్కమాట అడిగి రాండి. ఇరవై ఏండ్లాయ."

వాడి ధీమాకు నవ్వొచ్చింది. అడుగుతాలే అన్నాను.

ఉప్పు నేల

నవంబరులో ట్రాయ్‌లో నేను స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని వణుకుతుంటే, నాలుగు గంటల విమానం తర్వాత లాస్ వేగస్‌లో అన్నీ విప్పి సంచిలో కుక్కాల్సి వచ్చింది. అక్కడ కారు రెంట్ చేసి రఘు డ్రైవ్ చేశాడు. గాలను పెట్రోలు డాలరు పావలా. రెండు గంటలు పోయినా మనిషి జాడ లేదు. మా అనంతపురం ఎడారి అయిపోతోందని పేపర్లలో రాస్తుంటారు. రాసేవాళ్లను ఒకసారి ఇక్కడికి పంపాలి. మా దగ్గర కనీసం మేకలుంటాయి.

లోయలోకి దిగాక సముద్ర మట్టానికి రెండు వందల ఎనభై రెండు అడుగుల దిగువన ఒక చోట కారు ఆపాడు. పాదాల కింద ఉప్పు పలకలు పలకలుగా పగిలి, మైళ్ల దూరం తెల్లగా పరుచుకుని ఉంది. నా కళ్లు చెమర్చాయి. పాఠం చెప్పిన చోటు నిజంగా ఉందని తెలియడం చిన్న సంగతేమీ కాదు.

మా వృత్తిలో నాలుక కూడా పనిముట్టే. చూపుడు వేలితో అద్ది నోట్లో వేసుకున్నాను. మొదట ఉప్పు, వెనకాల చేదు. ఇంకోచోట కూడా చూద్దామని మోకాళ్ల మీద వంగేసరికి, ఒక ముసలి దొరసాని పరుగెత్తుకొచ్చి తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది. నేను దాహంతో నేల నాకుతున్నాననుకుంది పాపం. నేను ప్రొఫెసర్నని చెబితే ఇంకా భయపడింది. ఎండ తలకెక్కిందనుకుని ఉంటుంది. రఘు కారుకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

మధ్యాహ్నం ఈతచెట్లలాంటి ఖర్జూరపు తోట పక్కన ఒక హోటల్లో దిగాం. రఘు భార్య కట్టిచ్చిన పులిహోర రెండు రోజులకు సరిపడా ఉంది. అయినా ఖర్జూరాలతో చేసిన మిల్క్‌షేకు తాగాం, డాలరున్నర. గ్లాసు చూస్తే మనింట్లో స్నానం చెంబంత ఉంది. వడ్డించే ఆవిడ నన్ను "హనీ" అంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో మా ఆవిడ కూడా అనలేదా మాట.

చెక్క బళ్లు

సాయంత్రం పాత బోరాక్స్ ఫ్యాక్టరీ శిథిలాలు చూడ్డానికి వెళ్లాం. నూరేళ్ల కింద ఈ తెల్లటి మట్టిని గోకి, ఉడకబెట్టి, సబ్బులకూ గాజుకూ వాడే బోరాక్స్ తీసేవారు. దాన్ని మోసిన చెక్క బళ్లు ఇంకా ఉన్నాయి. చక్రం నా తల కంటే ఎత్తు. ఇరవై కంచరగాడిదలు లాగేవట. వాటి గురించి పెద్ద బోర్డు, నడిపినవాళ్ల గురించి చిన్న బోర్డు. నేల మీద వంగి మట్టి గోకినవాళ్లు చైనా కూలీలు. వాళ్ల గురించి రెండే ముక్కలు, ఒక్కడి పేరూ లేదు.

కోల్‌మనైట్ అన్న పేరు ఒక గని యజమానిది. ఆ మాట క్లాసులో ఏటా చెప్పేవాణ్ణి, పిల్లలు రాసుకునేవాళ్లు. ఆ రాయిని మొదట చేత్తో పట్టుకున్నవాడి పేరేమిటని నాకెప్పుడూ తోచలేదు. అక్కడ తోచింది. అయితే ఏం, అర నిమిషంలో మరిచిపోయాను.

దారి పొడుగునా బోర్డులు: రాయి తీయరాదు, తీస్తే జరిమానా. నాకు చిర్రెత్తింది. కడప జిల్లాలో మంగంపేట బెరైటీసు రాయి లారీల మీద లారీలు రేవుకు పోయి, ఓడలెక్కి, ఇలాంటి దేశాల్లో ఆయిల్ బావులు తవ్వేటప్పుడు పోసే బురదలో కలిసిపోతోంది. మన గుట్టలు గుట్టలే తరలిపోతే అడిగే దిక్కు లేదు, ఇక్కడ గులకరాయిని కాపలా కాస్తున్నారు. రఘుతో అదే అంటే, "వాళ్లది వాళ్లు కాపాడుకుంటున్నారు మామయ్యా, మనల్ని ఎవరు ఆపారు?" అన్నాడు. నా కోపం ఇంకా పెరిగింది. రాత్రి పులిహోర వాడికి వీపు పెట్టి కూర్చుని తిన్నాను.

రేంజరమ్మ

మర్నాడు పొద్దున పాత గనులున్న ఒక గుట్ట ముందు రఘు కెమెరా తీశాడు. నేను స్వీటు డబ్బాలోంచి రాయి తీసి, టై సరిచేసుకుని, ఛాతీ ముందు పట్టుకుని నిలబడ్డాను. "మామయ్యా, స్మైల్ చెయ్యి" అన్నాడు. చేశాను. సరిగ్గా అప్పుడే వెనక జీపు ఆగింది.

వెడల్పు టోపీ పెట్టుకున్న అమ్మాయి దిగింది. ఆ లోయను చూసుకునే రేంజరు. పాతికేళ్లుంటాయేమో, మా ఫైనలియర్ పిల్లల కంటే నాలుగేళ్లు పెద్ద. "ఆ రాయి ఇక్కడ తీశారా సార్?" అని మర్యాదగానే అడిగింది.

"లేదమ్మా, ఇండియా నుంచి తెచ్చాను" అన్నాను.

నన్ను చూసింది, రాయిని చూసింది. ఎడారికి ఇండియా నుంచి రాయి తెచ్చుకునే మనిషి ఉంటాడని ఆ పిల్ల ఎలా నమ్ముతుంది? రుజువు చూపిద్దామని డబ్బాలోంచి చీటీ తీసి ఇచ్చాను. చదివింది. "కోల్‌మనైట్. డెత్ వ్యాలీ, కాలిఫోర్నియా." నా చేతులారా నా మీద నేనే కేసు రాసిచ్చాను.

రఘు మధ్యలోకి వచ్చి ఏదేదో చెప్పబోయాడు. వాడికి గ్రీన్‌కార్డు ఉంది కానీ సిటిజన్‌షిప్ ఇంకా రాలేదు, పోలీసు అంటే వాడికి గుండె దడ. ఆ అమ్మాయి మమ్మల్ని వాళ్ల ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడ గాజు బీరువాలో ఆ లోయ ఖనిజాలున్నాయి. కోల్‌మనైట్ బయటికి తీసి నా రాయి పక్కన పెట్టింది. అది గాజులా మెరుస్తోంది, అంచులు పదునుగా ఉన్నాయి. నాది పాలిపోయిన పటికబెల్లంలా ఉంది. తర్వాత, నన్నడక్కుండానే, బొటనవేలి గోరు నా రాయి మీద పెట్టి గీసింది. తెల్లటి గీత పడింది. ఆ గీత పక్కనే పాతది ఇంకో గీత ఉంది. దాన్ని నేను ఇరవై ఏళ్లుగా ఎరుగుదును.

"సార్, ఇది జిప్సం" అంది. "చీటీలో ఉన్నది ఇది కాదు. కాబట్టి ఇది ఇక్కడిదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మీరు తీసుకెళ్లొచ్చు."

రఘు ఊపిరి పీల్చుకున్నాడు. నన్ను విడిపించింది ఓబులేసు జవాబు. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "నువ్వు పొరబడ్డావు, ముప్ఫై ఏళ్లుగా నేను పాఠం చెబుతున్నాను" అని వాదనకు దిగాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది. మీకు అనుమానంగా ఉంటే లోయ దాటాక పడమటి వైపు ఊళ్లో రాళ్లమ్మే ఆవిడ ఉంది, అడగండి అని దారి చెప్పింది.

"పోనీ మామయ్యా, వదిలెయ్యి. ఫ్లైట్ మిస్ అవుతాం" అన్నాడు రఘు.

"నువ్వు నడుపు" అన్నాను.

ఆకుపచ్చ మంట

ఆ ఊరు ఎండిపోయిన ఉప్పు చెరువు పక్కన ఉంది. ఏదో రసాయనాల ఫ్యాక్టరీ, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఇళ్ల ముందు గడ్డి మొలవదు కాబట్టి, గడ్డి బదులు రంగురంగుల రాళ్లు పేర్చుకున్నారు. ఆ రాళ్ల దుకాణం చక్రాల మీద నిలబెట్టిన ట్రైలరు ఇల్లు. డోరతీ అనే ముసలావిడ నడుపుతోంది. భర్త గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పోయి చనిపోయాడట. ఆయన ఏరి తెచ్చిన రాళ్లే ఇంకా అమ్ముతున్నానని, అవి అయిపోతే తానూ అయిపోయినట్టేనని మామూలుగా చెప్పింది. ఫొటో గోడకు వేలాడుతోంది. దండ లేదు. మనింట్లో అయితే ఉండేది.

నా రాయి చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "జిప్సం. యాభై సెంట్లిస్తాను" అంది.

నేను ఒప్పుకోలేదు. ఆవిడకు కోపం రాలేదు. నగలు అతికే గ్యాసు టార్చి వెలిగించి, పటకారుతో కోల్‌మనైట్ ముక్క ఒకటి మంటలో పెట్టింది. పేలాలు వేగినట్టు చిటపటమంటూ చిట్లింది, మంట ఆకుపచ్చగా మారింది. బోరాన్ ఉంటే మంటకు ఆ రంగు వస్తుంది. వందసార్లు బోర్డు మీద రాశాను. కళ్లారా చూడ్డం అదే మొదలు.

"ఇప్పుడు నీది ఒక ముక్క కొట్టనా?" అని అడిగింది.

గోరు తగలకూడదని ముప్ఫై ఏళ్లు నేను కాపాడిన రాయి. తలూపాను. సుత్తి దెబ్బకు మెత్తగా ఊడొచ్చింది. మంటలో పెడితే తెల్లబడి, సున్నంలా పొరలు పొరలుగా రాలింది. మంట రంగు మారలేదు. ఇంకోసారి పెట్టమన్నాను. పెట్టింది. మారలేదు.

"ఇది కోల్‌మనైట్ అని నీకెవరు చెప్పారు?" అని అడిగింది డోరతీ.

అక్కడ గుర్తొచ్చింది. అసలు మరిచిపోతే కదా. పెట్టె వచ్చిన రోజు దాని అడుగున నీరు దిగి ఉంది, చీటీలన్నీ ఊడి కలిసిపోయాయి. ప్రిన్సిపాలు చూస్తే తిడతాడని తలుపు వేసుకుని, పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ, బంక పెట్టి నేనే అంటించాను. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. చివరికి ఒక తెల్లరాయి మిగిలింది, ఒక చీటీ మిగిలింది. మిగిలినదాన్ని మిగిలినదానికి అంటించి చేతులు కడుక్కున్నాను. గోరుతో ఒక్క గీత గీస్తే తేలిపోయేది. ఆ గీత నేను గీయలేదు. గీసినవాడికి సున్నా వేశాను.

"నేనే" అన్నాను డోరతీతో. ఆవిడకు అర్థం కాలేదు.

నా రాయి సైజులోనే ఉన్న అసలు కోల్‌మనైట్ ఒకటి మూడు డాలర్లకు కొన్నాను. ఎందుకు కొన్నానో రఘుకు చెప్పలేదు. మీకు చెబుతాను. ఆ రాయిని పెట్టెలో పదిహేడో గుంటలో పెట్టేస్తే చీటీ నిజమైపోతుంది. నా ముప్ఫై ఏళ్లూ నిజమైపోతాయి. విమానంలో మేఘాలు చూస్తూ కూర్చుని, సిగ్గు లేకుండా ఇదే ఆలోచించాను. ఓబులేసు అడిగితే ఏం చెప్పాలో కూడా తయారు చేసుకున్నాను: "కోల్‌మనైటే అన్నారోయ్."

మళ్లీ ల్యాబులో

సెలవు అయిపోయి కాలేజీకి వెళ్లిన రోజు ఓబులేసు పెట్టె తెరిచి, అద్దం తుడిచి సిద్ధంగా ఉంచాడు. స్వీటు డబ్బా ఇచ్చాను. పాత రాయి నా సంచిలో ఉంది.

"అడిగినారా సార్?"

"అడిగాను. కోల్‌మనైటే అన్నారు."

తలూపి, దూది విప్పాడు. రాయిని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. బొటనవేలి గోరు దాని మీద పెట్టి, నా కళ్లలోకి చూస్తూనే నొక్కాడు. ఇరవై ఏళ్లలో నాకు తెలిసి వాడు రాయి మీద గోరు పెట్టడం అది రెండోసారి.

"గోరు దిగలే సార్. ఇది వేరే రాయి" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. సంచిలోంచి పాత రాయి తీసి బల్ల మీద పెట్టాను. అంచు విరిగిపోయి ఉంది. "నువ్వు రాసిందే కరెక్టు ఓబులేసూ. అది జిప్సమే. ఆ చీటీ ఈ రాయిది కాదు, నేనే తప్పు అంటించాను. నీ డిగ్రీ నేనే పోగొట్టాను" అన్నాను. వాడేదైనా అంటాడని, తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకు తెల్సు సార్" అన్నాడు మామూలుగా.

యూనివర్సిటీకి రాస్తానన్నాను. ఇరవై ఏళ్ల నాటి మార్కులు ఇప్పుడెవరు దిద్దుతారని వాడే అన్నాడు. నిజమే, తర్వాత రాసి చూశాను, జవాబు కూడా రాలేదు. అప్పుడు మాత్రం నాకింకో సందేహం పట్టుకుంది. ఇరవై ఏళ్లలో ఒక్క విద్యార్థి కూడా ఆ రాయిని తప్పు రాయలేదు. బల్ల మీద పెట్టిన ప్రతిసారీ అందరూ కోల్‌మనైట్ అనే రాసేవాళ్లు. నా పాఠం అంత బాగుందని వచ్చిన ప్రతి ఎగ్జామినరుతోనూ చెప్పుకున్నాను. జిప్సం రాయిని చూసి అంతమంది కోల్‌మనైట్ అని ఎలా రాశారు?

అడిగాను.

ఓబులేసు కాసేపు బల్ల తుడిచాడు. "నేనే చెప్తా ఉంటి సార్. ప్రాక్టికల్స్ ముందు దినం పిల్లోళ్లందర్నీ వరండాలోకి పిలిచి చెప్తా ఉంటి. పదిహేడో నంబరు చూస్తే జిప్సం మాదిరే ఉంటాది, అయినా కోల్‌మనైట్ అని రాయండి. తెలివి చూపిచ్చి జిప్సం అని రాస్తిరంటే నా మాదిరి చీపురు పట్టుకుంటారు అని."

కూర్చున్నాను. వాడు చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టాడు, తాగాను. తర్వాత సొరుగులోంచి తెల్ల కాగితం, కలం తీసి వాడి ముందుకు జరిపాను. పాత రాయికి కొత్త చీటీ రాయమన్నాను. జిప్సం అని, వాడి చేత్తోనే రాయమన్నాను.

ఓబులేసు కాగితం వంక చూశాడు, కలం ముట్టుకోలేదు. బీరువాలోంచి బంక సీసా తెచ్చి, మూత తీసి, నా ముందు పెట్టాడు.

"నా రాత ఎందుకు సార్. మీరే రాసి అంటీండి. ఈడ మీరు అంటిచ్చిందే నిలుస్తాది."